కుడికాలి బూట్ల ఓడ కార్డు

చాయ్ కప్పు జర గట్టిగ పట్టుకోండ్రి, అప్పుడు చెప్త. నవ్వితే మీదనే ఒలుకుతది, తర్వాత నన్ను అనొద్దు. మొన్న నార్వే దేశంల, ఓడరేవు కాడ, నడివానల నేను ఒక ముసలి జర్మనాయన కాలు పట్టుకున్న. మాటకు అంటలే. మోకాళ్ల మీద కూసోని, రెండు చేతులతోని, నిజంగనే పట్టుకున్న. ఆయన ఇడువుమంటుండు, నేను ఇడుస్తలే. నా పెండ్లాం సుగుణ పక్కనే ఛత్రి పట్టుకోని నిలబడ్డది. నాకు కాదు, ఆయనకు పట్టింది.

మీకెరుకే గద, మెట్‌పల్లిల మాది మోటర్లు, పైపుల దుకాణం. పోయిన ఎండకాలం వానల్లేక బోర్లన్నీ ఎండినయి, మోటర్లు కాలినయి, మస్తు గిరాకి అయింది. కంపెనీవాళ్లు ఖుషీ అయి ఆలుమగలిద్దర్నీ టూర్‌కు పంపిన్రు. గంతకుముందు ఓపారి బ్యాంకాక్ అన్నరు. సుగుణ వద్దన్నది. ఎందుకని నేను అడగలే. ఈసారి నార్వే, స్వీడన్, డెన్మార్క్ అన్నీ ఓడల తిప్పుతమంటే తెల్లారే పెట్టె సదిరింది. హుస్నాబాద్ డీలర్ మల్లేశమన్న గూడ వచ్చిండు, ఒక్కడే. వదినకు నీళ్లంటే భయమట. అట్ల వానల్లేక మోటర్లు అమ్మినోళ్లం ఇద్దరం, ఏడాదంత వానలు పడే దేశానికి పోయినం.

ఓడల ఒక కార్డు ఇస్తరు. రూం తాళం గదే, బువ్వ గదే, కిందికి దిగుడు గదే, మళ్ల ఎక్కుడు గదే. పాస్‌పోర్టులు రూంలనే పెట్టుమన్నరు. ఆ రోజు ఊరు చూడ దిగేటప్పుడు సుగుణ చెయ్యి చాపింది.

"ఆ కార్డులు రెండూ ఇటియ్యి, నా సంచిల పెడ్త."

నేను నవ్విన. ఎన్కట కరీంనగర్ బస్టాండ్ల నా జేబు కోసిన్రు. గప్పటి సంది విలువైనది ఏదున్నా నాకు ఒకటే జాగ, కుడికాలి బూటు. లోపలి మెత్త లేపి దాని కింద పెడ్త.

"సంచి గుంజుకపోతరు, జేబు కోస్తరు. బూటు పోవాల్నంటే మనిషిని కింద పడేసి ఇప్పాలె. నా పానం పోతెగని కార్డు పోదు" అన్న.

"తెలివంటే నీదే తమ్మీ" అన్నడు మల్లేశమన్న. సుగుణ నా బూటు దిక్కు చూసింది. ఆమె అట్ల చూస్తే నాకు భయం గావాలె, గని ఆ పొద్దు గాలే.

బయట ముసురు. మన దగ్గర వాన దబదబ కొడ్తది, కరెంటు పోతది, బజ్జీలు తినేలోపు ఎలుస్తది. అక్కడ వాన కొట్టదు, ఎలవదు. ఊకె పడ్తది. బస్సు అద్దాల నిండ నీళ్లు. మా గైడమ్మ మైకుల "కుడిదిక్కు జలపాతం, ఎడమదిక్కు కొండ" అంటున్నది. కుడిదిక్కు తెల్లగున్నది, ఎడమదిక్కు తెల్లగున్నది. మల్లేశమన్న రెండు దిక్కులా ఫోటోలు కొట్టిండు. ఇప్పుడు ఏది కొండో ఏది జలపాతమో ఆయనకే తెల్వదు.

ఆఖరికి ఒక చర్చి కాడ ఆపిన్రు. ఎన్నో వందల ఏండ్ల కిందటిదట, మొత్తం కట్టెతోని కట్టిన్రు. ముంగట చిన్న వసారా. గైడమ్మ టికెట్ల కాడ ఆగింది, మేం ముగ్గురం ముందే గుమ్మం కాడికి పోయినం.

"తమ్మీ, మీ చర్చి గద, చెప్పులు ఇప్పాల్నా?" అన్నడు మల్లేశమన్న.

"గదేం అడుగుడే అన్నా! గుడైనా చర్చైనా దేవునిల్లే గద" అన్న. మా మెట్‌పల్లి చర్చి ముంగట ఆదివారం చెప్పుల కుప్ప చూసే పాస్టరయ్య చెప్తడు, ఎవరొచ్చిన్రో ఎవరు రాలేదో. చిన్నప్పటి సంది అలవాటు. కాలు గడప కాడికి పోంగనే చెయ్యి లేసు మీదికి పోతది, నడుమ బుర్రకు పనే ఉండదు. ఇప్పిన, గోడకు పెట్టిన, లోపటికి పోయిన.

మా ఎన్క అమెరికావాళ్లు, జర్మన్లు వచ్చిన్రు. వరుసగ మూడు జతలు చూసిన్రు. ఓహో, ఇక్కడ ఇప్పాలె గావచ్చు అనుకున్నరు, ఇప్పిన్రు. వాళ్లను చూసి మా ఓడల్నే వచ్చిన ఇంకో బస్సోళ్లు ఇప్పిన్రు. ఆఖరికి గైడమ్మ వచ్చింది. ఆమె పుట్టి పెరిగిన దేశం. ఆ కుప్ప చూసింది. కొత్త రూల్ ఏదో వచ్చింది గావచ్చు, తనకు చెప్పలేదు గావచ్చు అనుకోని ఆమె గూడ ఇప్పింది!

లోపట నేల మంచుగడ్డ. అందరం ఉత్త కాళ్లతోని, తడి సాక్సులతోని బాతులలెక్క నడుస్తున్నం. సుగుణ మోకరించింది. ఆమె ప్రార్థన మొదలువెడితే చుట్టాలందర్నీ ఊరూరు తల్సుకుంటది. మెట్‌పల్లి అయింది, కోరుట్ల అయింది, జగిత్యాల నడిమిట్ల ఉన్నది, గైడమ్మ వచ్చింది.

"లేట్ అయింది, ఓడ ఆగదు, నడువుండ్రి!"

అందరు ఒక్కసారి వసారల పడ్డరు. గాలికి జల్లు కొట్టి బూట్లన్నీ తడిసినయి. తడిసినంక అన్నీ నల్లగనే కొడ్తున్నయి. ఎవలకు దొరికినయి వాళ్లు తొడుక్కోని ఉరికిన్రు. జగిత్యాల చుట్టాలను గబగబ కానిచ్చి సుగుణ, ఆమె ఎన్క నేను ఆఖరికి బయటికొచ్చినం. సుగుణ చెప్పులు ఉన్నయి. నాకు రెండు బూట్లు మిగిలినయి. రెండూ ఎడమకాలియే. ఒకటి నాది. ఇంకోటి ఎవలదో, పెద్దది.

కుడికాలిది లేదు. మెత్త లేదు. కార్డుల్లేవు.

వసారల మూలమూల వెతికిన. సుగుణ నా మొఖం చూసింది, బూట్లు చూసింది, అంత సమజైంది.

"నిన్ను ఎవలు కింద పడేసిన్రయ్యా?" అన్నది.

దొంగకు పనే పెట్టలే. నేనే ఇప్పి, గోడకు మంచిగ ఆనిచ్చి, దండం పెట్టుకోను పోయిన.

బస్సుల కూసున్నంక మల్లేశమన్న ధైర్యం చెప్పిండు. "ఫికర్ చెయ్యకు తమ్మీ. నీకు రెండు ఎడమలు ఉన్నయంటే వానికి రెండు కుడులు ఉంటయి. మన బస్సుల లేడంటే ఆ బస్సుల ఉంటడు. ఓడ కాడ ఎవడు కుంటుతుండో వాడే!" నాకు పానం లేచొచ్చినట్టయింది.

రేవు కాడ దిగి చూసినం. ఓడ ఎక్కేటోళ్లు వరుసగ నిలబడ్డరు. సగం మంది పింఛన్ మనుషులు. అందరు కుంటుతున్నరు.

ముందుగాల గేటు కాడికి పోయిన. సెక్యూరిటీ ఆయన కార్డు అడిగిండు.

"బూట్ల ఉన్నది సార్" అన్న.

ఆయన నా కాళ్ల దిక్కు చూసిండు. "తియ్యుండ్రి."

"ఈ బూట్ల కాదు సార్. ఆ బూటు వేరే ఆయన వేసుకోని తిరుగుతుండు."

ఆయన మొఖంల ఏమీ కదలలే. "పాస్‌పోర్ట్?"

"లోపట రూంల ఉన్నది."

"రూంకు పోవాల్నంటే కార్డు గావాలె."

"గందుకే సార్, బూటు గావాలె."

పక్కకు నిలబడుమన్నడు, పెద్దాఫీసర్‌ను పిలుస్త అన్నడు. గంతల ఓడ భోంకుమన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ. చుట్టూ సముద్రం, మీద ముసురు, కాళ్లకు రెండు ఎడమలు, పక్కన పెండ్లాం. ఓడ పోతే మెట్‌పల్లికి ఎట్ల పోవాలె?

ఇగ ఆగలే. వంగి, ఒక్కొక్కల కాళ్లు చూసుకుంట వరుస పొంటి పోయిన. ఒకామె కాళ్లు ఎన్కకు గుంజుకున్నది. ఇంకొకామె కుక్కపిల్ల పారిపోయిందనుకోని నాతోని వెతుకుడు షురూ జేసింది.

"అగో" అన్నది సుగుణ, నిమ్మలంగ.

సన్నటి ముసలాయన. నెత్తి మీద టోపీ లేదు, వాన కారుతుంది. రెండు కాళ్లు ఒక్క దిక్కే చూస్తున్నయి. నేను ఇంగ్లీషుల చెప్పాలనుకున్న, గేటు కాడ వచ్చిన రెండు ముక్కలు గూడ ఇక్కడ రాలే. దబ్బున కూసోని, నా బూటు ఉన్న ఎడమకాలు పట్టుకున్న. ఆయన "ప్లీజ్! ప్లీజ్!" అని ఒర్రుతుండు, నేను గూడ "ప్లీజ్! ప్లీజ్!" అనే ఒర్రుతున్న. ఛత్రి పట్టుకోని సుగుణనే చెప్పింది. వేలితోని నా కాళ్లు చూపించింది, ఆయన కాళ్లు చూపించింది, నన్ను చూపించి తన నెత్తి మీద కొట్టుకున్నది. ఆయనకు అంత అర్థమైంది. పెండ్లైన మనిషి గావచ్చు.

తర్వాత తెలిసింది, ఎడమకాలు ఒక్కటే సతాయిస్తుందని పాపం ఓడ ఎక్కంగనే డాక్టర్ దగ్గరికి పోదామనుకున్నడట.

తడి నేల మీద ఇద్దరం ఎదురెదురుంగ కూసోని బూట్లు మార్చుకున్నం. మెత్త లేపిన. కార్డులు నాని, వంగి, గని ఉన్నయి. సెక్యూరిటీ ఆయన వాటిని రెండు వేళ్లతోని పట్టుకోని మిషిన్‌కు పెట్టిండు. మిషిన్ వెల్‌కమ్ అన్నది. ఆయన అనలే.

రూంకు పోంగనే సుగుణ చెయ్యి చాపింది. నేను రెండు కార్డులు చేతుల పెట్టిన. కొంగుకు ముడేసుకున్నది.

తెల్లారి ఇంకో ఊళ్లె మ్యూజియం కాడ ఆపిన్రు. ముసురు ముసురే. దిగి, ఛత్రి ముడిచి చూద్దును గద, గుమ్మం కాడ బస్సు బస్సంత ఆగి ఉన్నది. అమెరికావాళ్లు, జర్మన్లు, మల్లేశమన్న, గైడమ్మ గూడ. ఒక్కలు లోపటికి పోతలేరు. అందరు నా కాళ్ల దిక్కే చూస్తున్నరు.

నేను సుగుణ దిక్కు చూసిన. ఆమె కొంగు ముడి ఓపారి తడుముకోని, "నడువు" అన్నది.

బూట్లతోనే గడప దాటిన. నా ఎన్క అందరు కదిలిన్రు.