నజ్రుల్లో కాలి కొలత

ఖుజంద్ ఊళ్ళో చెప్పులు కుట్టే నజ్రుల్లో అనే ఆయనకి చిన్నప్పుడే పోలియోతో ఎడమకాలు సన్నబడింది. అది ఇంకా బలహీనపడుతోందేమో చూడడానికి ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాలు నడిపిస్తున్నారు. పోయిన వారం మూడువందల మీటర్లు నడిచాడు. ఈ వారం రెండువందల నలభై.

"కాలు పోతోందా చెల్లెమ్మా? తోలు ఎన్నిసార్లు కొలిచినా ఒకటే వస్తుందే!"

నర్సు గుల్చెహ్రాకూ అర్థం కాలేదు. "మధ్యలో ఆగారా అకా?" అని అన్నను పిలిచినట్టే అడిగింది.

"లేదే! బెంచీ మీది పెద్దల్ని క్షేమం అడిగానంతే."

"ఎంతమందిని?"

"నలుగురినే. వాళ్ళ మనవళ్ళ గురించి కూడా అడగొద్దా?"

"గడియారం ఆగదు కదా అకా!"

మర్నాడు ఖాళీ వరండాలో నడిపించింది. రెండువందల తొంభై ఎనిమిది.

"కాలు బాగానే ఉంది. రెండు మీటర్ల తేడా ఎవరికైనా వస్తుంది."

నజ్రుల్లో మోకాలు తడుముకున్నాడు. "ఇవాళ ఎవరినీ పలకరించలేదే. మరి ఆ రెండూ ఎటు పోయాయి?"