ఎడమ వైపు కుట్టు

ఆ టైలరు అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు. చేతిలో కత్తెర కంటే నోట్లో నాలుకే పదును గనుక అందరికీ ఆమె కత్తెరమ్మ.

ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరేనని, నెల తిరిగేలోగా ఆ రొమ్ము తీసెయ్యాలని డాక్టరుగారు చెప్పిన రోజు ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి బీరువా తెరిచింది. ఏ పనైనా గడువుకు ముందే ముగించడం ఆమెకున్న పాత జబ్బు. ఆపరేషన్ దాకా వేసుకోవడానికి రెండు జాకెట్లు పక్కన పెట్టి, మిగతా వాటి కుట్లు విప్పి, ఎడమ వైపు చదునుగా కుట్టేసింది. ఊళ్లోవాళ్ల బట్టల్లో, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికని, లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలే మనిషి, తన వాటిలో అంగుళం కూడా మిగల్చలేదు.

"కాస్త ఉంచుకోకూడదూ?" అంది పక్క మిషను మీద కుట్టే వదిన.

"ఎందుకు? మళ్లీ మొలుస్తుందా?"

వదిన మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఆశ పెట్టుకోవడమంటే కత్తెరమ్మకు భయం, అంతే.

ఇంకా ఏ మందూ మొదలుపెట్టలేదు. అయినా ఆపరేషన్‌కు ముందు తీసిన స్కానులో గడ్డ లేదు. డాక్టరుగారు మళ్లీ తీయించారు, సూదితో ముక్క తీయించారు, మొదటిసారి పరీక్షకు తీసిన పాత ముక్కను ఇంకో ల్యాబుకు పంపారు. పాతది క్యాన్సరే. కొత్తదాంట్లో ఏమీ లేదు.

"మీ మిషను రిపేరుకొచ్చిందేమో చూడండి" అంది కత్తెరమ్మ.

ఆయన నవ్వేశారు. "ఎక్కడో ఒకరికి ఇలా దానంతటదే పోతుందమ్మా. ఎందుకో మాకూ తెలీదు. తిరగబెట్టొచ్చు కూడా. మూడు నెలలకోసారి తప్పకుండా రావాలి. ఇప్పటికి మాత్రం ఆపరేషన్ వద్దు."

ఎదురింటావిడ అదంతా తను పంపిన క్యారెట్ రసం మహిమేనంది. "అయితే డాక్టరుగారికీ ఒక గ్లాసు పంపు, పాపం తెలీక తల పట్టుకున్నారు" అంది కత్తెరమ్మ.

మర్నాడు కొట్లో, తెరచాటున, తిరగకుట్టిన జాకెట్టు ఒకటి తొడుక్కుని చూసుకుంది. బొత్తాం తెగి వెళ్లి వదిన నుదుటికి తగిలింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఒక్క జాకెట్టు కూడా పనికిరాదు, విప్పుదామంటే లోపల గుడ్డ లేదు.

"కొత్తవి కుడదాం, నిలబడు" అని వదిన టేపు తీసి ఆమె ఛాతీ చుట్టూ తిప్పింది. తెర అవతల బెంచీ మీద మగవాళ్లు కూర్చుని ఉన్నారు, అందుకని కొలత చెవిలో చెప్పింది. "ముప్పై ఎనిమిది."

నెల రోజులు రాని ఏడుపు అప్పుడొచ్చింది కత్తెరమ్మకు.

"గట్టిగా చెప్పు వదినా" అంది వెక్కుతూ. "వీధంతా విననీ."