ముప్పైసార్లు కొట్టినా నిండని బిందె

నీటి కరువు మీద సినిమా తీస్తానని నేను అభిమానించే దర్శకుడు మొదటిసారి చెప్పినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ తర్వాత కంప్యూటర్ కోర్సు చేశాను, మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, రెండు కంపెనీలు మారాను. సినిమా మాత్రం మొదలు కాలేదు. నీళ్ళ కథ ఎవరు చూస్తారని నిర్మాతలు వెనక్కి తగ్గుతున్నారని పేపర్లో రాసేవారు. ఆయన గురించి ఎక్కడ చిన్న ముక్క పడ్డా కత్తిరించి దాచుకునేవాణ్ణి. ఆఫీసు క్యాంటీన్లో మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, "ఇదిగో, నీ సినిమా వచ్చేసింది" అని మిత్రులు ఆటపట్టించేవారు. చివరికి ఈ మధ్య అసలు కబురు వచ్చింది. సినిమా మొదలవుతోంది, బాగా వాడిన పాత నీళ్ళ బిందెలు కావాలి, శనివారాల్లో పది నుంచి ఒంటిగంట లోపు ఫిలింనగర్‌లోని ఆఫీసుకు తెచ్చి ఇస్తే షూటింగ్ అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు. ఎలా వెళ్ళాలి, ఏం జరుగుతుంది అని ఇది చదివే మీలో కొందరు అడిగారు కాబట్టి మా ప్రయాణం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా అంటే నేనూ, మా యాదక్కా. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది, నల్లగొండ జిల్లాలో మా ఊరి పక్క ఊరే అత్తవారిల్లు. ఆరో తరగతిలో బడి మానేసింది. బోరింగు దగ్గర, అంటే ఊరి చేతిపంపు దగ్గర, మా ఇంటి వంతు సరిగ్గా బడిగంట వేళకే వచ్చేది, ఇంట్లో ఎవరో ఒకరు వెళ్ళాలి. అక్క బోరింగుకు వెళ్ళింది, నేను బడికి వెళ్ళాను. బిందెల సంగతి ఫోన్లో చెప్పగానే అక్క ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. "నా బిందె ఆ సినిమాల పడాలె తమ్మీ. అన్నేండ్లు మోసిన. ఒక్కపారన్న ఎవరన్న చూడాలె గదా" అంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నల్లగొండలో బస్సెక్కి రెండున్నర గంటల్లో ఇమ్లీబన్ బస్టాండులో దిగింది. చిన్నప్పుడు బోరింగు నుంచి మోసిన సత్తు బిందెనే పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టబోతే, ఒళ్ళో ఉన్నదానికి టికెట్ ఏందని దారంతా వాదించి గెలిచిందట.

మర్నాడు పొద్దున్నే మధురానగర్‌లోని నా గది వెనక చప్పుడు వినబడి వెళ్ళి చూస్తే, అక్క చింతపండు, బూడిద, కొబ్బరి పీచు ముందేసుకుని బిందె తోముతోంది. లోపల పేరుకున్న తెల్లటి ఉప్పు పొర మా ఊరి నీళ్ళది, ఏళ్ళ తరబడి గట్టిపడింది. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి గోళ్ళతో గీకుతోంది. ఒకరింటికి గిన్నె పంపాలంటే తోమి పంపడం మా ఇళ్ళలో మర్యాద, మాసిన గిన్నె పంపితే ఆ ఇంటి ఆడవాళ్ళ పరువు పోతుంది. అది నాకూ సహజంగానే తోచింది. పక్కన నిలబడి నీళ్ళు పోశాను, అరగంటలో బిందె కొత్తదానిలా మెరుస్తుంటే భలే ఉందని మెచ్చుకున్నాను కూడా.

తొమ్మిదింటికి బయల్దేరాం. ఆటో అతను ఎనభై అడిగాడు, అరవైకి ఒప్పుకున్నాడు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ దాటి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ చేరేసరికి ముప్పావుగంట పట్టింది, శనివారమని ట్రాఫిక్ తక్కువేమీ ఉండదు. చెక్‌పోస్ట్ నుంచి ఫిలింనగర్ వైపు తిరిగాక మా ముందు వరసగా మూడు నీళ్ళ ట్యాంకర్లు గుట్ట ఎక్కలేక ఎక్కుతున్నాయి. ఇంతింత ఇళ్ళకు నీళ్ళ బండ్లెందుకని అక్క అడిగింది. "బోర్లన్నీ ఎండినయక్కా. ఈ గుట్ట మీద పైసలున్నోళ్ళకు గూడ నీళ్ళ ఫికరే" అన్నాడు ఆటో అతను. అక్క ఆ గేట్లకేసి, గేట్ల ముందు నిలబడ్డ డ్రైవర్లకేసి చూసి, పాపం అంది. నాకు నవ్వొచ్చింది కానీ అక్క నిజంగానే జాలిపడింది.

ఆఫీసు ఒక పాత మేడ. కింద కార్లు పెట్టే చోట బిందెలన్నీ వరసలుగా పెట్టారు, నలభై దాకా ఉంటాయి. వాటిని చూసుకుంటూ కుర్చీలో శేషు అనే అతను ఉన్నాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంటులో అసిస్టెంటు, భీమవరం మనిషి. అక్క చీర విప్పి బిందె చేతికిచ్చింది. అతను లోపలికి తొంగి చూసి, బిందెను వెలుతురుకేసి తిప్పాడు. తర్వాత మెల్లగా, "తోమేశారామ్మా" అన్నాడు. వాళ్ళకు కావలసింది మరకలున్న బిందెలట. పైనుంచి బిందెలోకి చూస్తూ తీసే షాట్ ఒకటి ఉందట, అందులో లోపలి ఉప్పు పొర కనబడాలి. మా ఒక్కరి తప్పే కాదని ఓదార్పుగా ఒక మూల చూపించాడు. తళతళలాడే బిందెలు అక్కడ ఇరవై దాకా ఉన్నాయి. వాటిని తెచ్చిన ప్రతి ఇల్లాలూ తోమే తెచ్చిందట. వాటినేం చేయాలో తోచక తిప్పి పంపాలనుకుంటున్నామన్నాడు.

అక్క ముఖం చిన్నబోయింది. నాకు నా మీదే కోపం వచ్చింది, నీళ్ళు పోసింది నేనే కదా. అక్క బిందెను మళ్ళీ చీరలో చుట్టడం మొదలుపెట్టింది. ఈలోగా శేషు తన పనిలో పడ్డాడు. పొర సరిగా లేని బిందెల్లో పొడుగాటి బ్రష్షుతో, నీళ్ళ మట్టం దగ్గర ఉప్పు కట్టినట్టు తెల్లటి గీతలు వేస్తున్నాడు. అక్క చుట్టడం ఆపి అతని పక్కన కూర్చుంది.

"గీత అంత మీదికి ఉండదయ్యా" అంది.

నిండిన బిందెలో నీళ్ళు మెడ దాకా ఉంటాయి కదండీ అని శేషు అన్నాడు. అప్పుడు అక్క చెప్పిన సంగతి నాకూ తెలియదు. "నిండితే గదా. వంతుకు ముప్పైసార్లు కొట్టుకోవాలె, అంతే. ముప్పై కాంగనే ఎనకున్నామె బిందె ముందుకు జరుపుతది. మా బోరింగు ముప్పైకి గీడిదాంకనే ఇస్తుండె" అంటూ తన బిందెలో చెయ్యి పెట్టింది. లోపలికి చూడనైనా చూడలేదు. వేలు మెడకు జానెడు కిందికి వెళ్ళి ఆగింది.

మెట్ల మీద ఎవరో నిలబడి ఉన్నారని అప్పుడు గమనించాను. ఆయనే, నేను ఏళ్ళుగా పేపర్లో కత్తిరించి దాచుకున్న మనిషి. రబ్బరు చెప్పులు, చేతిలో టీ గ్లాసు. కిందికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు. ముప్పై అని ఎవరు పెట్టారమ్మా, ఎవరు లెక్కపెట్టేవారు, ఎవరైనా ముప్పై ఒకటోసారి కొడితే ఏమయ్యేది అని ఒక్కొక్కటే అడిగి నోట్సు పుస్తకంలో రాసుకున్నాడు. అందరం కలిసి పైకే లెక్కపెట్టేవాళ్ళమని అక్క చెప్పింది. ఆయనను అడగాలని దాచుకున్న ప్రశ్నలన్నీ మరిచి, నేను అక్క చెప్పేదే వింటూ కూర్చున్నాను.

లేస్తూ శేషుతో ఆయన చెప్పింది ఇంతే. అన్ని బిందెల్లోనూ గీతలు చెరిపి ఈ అమ్మ చూపించినచోట వేయాలి, పై నుంచి తీసే షాట్‌కు ఉప్పు పొర వేసి ఈ అమ్మ బిందే వాడాలి. అక్కతో మాత్రం, "తెర మీద ఎన్ని క్షణాలు ఉంటుందో చెప్పలేనండీ. ఉంటుంది" అన్నాడు. అక్క సుద్దముక్క తీసుకుని నలభై బిందెల్లోనూ ఒక్కో గుర్తు పెట్టింది. మధ్యాహ్నం రెండయింది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే శేషు చెయ్యి అందించాడు. యూనిట్ వాళ్ళతో పాటు మాకూ పప్పు, బెండకాయ వేపుడు, పెరుగన్నం పెట్టారు. ఆ ఆదరణకు నేను వాళ్ళకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

సినిమా ఎప్పుడు వస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ నేను దాని కోసం ఎదురుచూసింది ఒక గొప్ప సినిమా వస్తుందని. ఇప్పుడు ఆ ఒక్క షాట్ కోసం చూస్తున్నాను. తిరుగు ఆటోలో అక్కను అడిగాను, బిందె ఎప్పుడూ నిండకపోతే ఇంట్లో నాకెప్పుడూ నీళ్ళు తక్కువైనట్టు గుర్తు లేదే అని. అక్క రోడ్డుకేసి చూస్తూనే, "నీకు తక్కువ గాకుండ నేను సూసుకున్న గదరా" అంది. థాంక్స్ అనే మాట ఆఫీసులో రోజుకు వందసార్లు అంటాను, అక్కకు అప్పటిదాకా ఒక్కసారీ చెప్పలేదు. కృష్ణానగర్ దగ్గర చెప్పాను.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. బిందెను తోమకుండా తీసుకెళ్ళండి, దాన్ని మోసిన మనిషిని కూడా తీసుకెళ్ళండి.