మా పేపర్లో చిన్నమ్మ ఇల్లు

నాందేడ్‌లో ఒక మరాఠీ దినపత్రిక డెస్కులో నేను చాలా ఏళ్లు పనిచేశాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, టీ కొట్టు దగ్గర దక్కనీ ఉర్దూ. మా పత్రిక పేరు కింద రోజూ 'నిర్భయంగా, నిష్పక్షపాతంగా' అని అచ్చయ్యేది. సిగరెట్ పెట్టె మీది హెచ్చరికకు తాగేవాళ్లు అలవాటు పడ్డట్టు మేమూ దానికి అలవాటు పడిపోయాం.

మా యజమానికి ఒక నాయకుడంటే అభిమానం. ఆయన పార్టీ మారితే అభిమానం కూడా ఆయన వెంటే వెళ్లేది. ఎదుటి పక్షం సభ ఆరింటికి ఉంటే మా ఫోటోగ్రాఫర్ నాలుగున్నరకే వెళ్లి ఖాళీ కుర్చీల ఫోటో తెచ్చేవాడు. మా నాయకుడి సభకైతే జనం నిండాక తీరిగ్గా బయల్దేరేవాడు. రెండు ఫోటోలూ నిజమైనవే. అబద్ధం వేయకూడదన్నది మా పత్రికలో గట్టి నియమం.

ఆ నాయకుడి బావమరిది ఊరి బయట రెడీమేడ్ ఇళ్ల ఫ్యాక్టరీ పెట్టాడు. గోడలూ కప్పూ అక్కడే తయారై లారీలో వస్తాయి, మూడు రోజుల్లో బిగించేస్తారు. ఆ ఏడు వానలకు సరిహద్దు ఊళ్లలో మట్టిగోడలు చాలా కూలాయి. అలా ఆయన వ్యాపారానికీ, మా సామాజిక బాధ్యతకూ ఒకేసారి మంచి రోజులు వచ్చాయి. సంపాదకుడు నా బల్ల మీద ఫ్యాక్టరీ పంపిన కాగితం ఒకటి పెట్టి, "బాగా రాయి, పేదవాడి ఇల్లు కదా" అన్నాడు. ఫ్యాక్టరీ ముఖం చూడకుండానే, చూసినవాడి కంటే బాగా రాశాను. మూడు లక్షలకే ముచ్చటైన ఇల్లని శీర్షికలోనే పెట్టాను. పైన నా పేరు లేదు, 'మా ప్రతినిధి' అని ఉంది. ఆ రోజు ఆఫీసులో నాకు టీతో పాటు అటుకుల పోహా కూడా వచ్చింది.

మా అమ్మ చెల్లెలు దెగ్లూర్ దగ్గర ఒక పల్లెలో ఒక్కతే ఉంటుంది. చిన్నాయన పోయి చాలా కాలమైంది. ఆ వానలకే ఆమె ఇంటి వెనక గోడ కూలింది. మిగిలిన మూడు గోడల మధ్య టార్పాలిన్ కట్టుకుని చలికాలమూ ఎండాకాలమూ వెళ్లదీసింది. మళ్లీ వానలు మొదలయ్యేలోగా నెత్తి మీద ఒక కప్పు కావాలి, అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. నేను నాందేడ్‌కు వచ్చి ఉండమంటే, కోళ్లను ఎవరు చూస్తారని నన్నే అడిగింది.

ఆమెకు మరాఠీ చదవడం వచ్చు. మా పేపర్లో ఆ వార్త చదివి, నాతో ఒక మాటైనా అనకుండా అర్ధెకరం అమ్మి మూడు లక్షలు కట్టేసింది. లారీ వచ్చిన రోజు ఫోన్ చేసింది.

"కొడుకా, ఇల్లు అచ్చింది. గని పండుకోని ఉన్నది."

"పండుకోనుడేంది చిన్నమ్మా?"

"గోడలన్ని వాకిట్ల ఒకదాని మీద ఒకటి ఏసి పోయిన్రు. లేపాలంటే ఇంక పైసలు గావాల్నంట."

కంపెనీవాళ్లు ఆమె చేతిలో ఒక జాబితా పెట్టారు. లారీకి వేరు, క్రేన్‌కు వేరు, కింద గచ్చుకు వేరు. ద్వారబంధం మూడు లక్షల్లోనే ఉంది, తలుపు మాత్రం లేదు. ఆ తాలూకాకు వరద పరిహారం మంజూరైందని మేం వార్త వేసిన మర్నాటి నుంచే ఆ జాబితా పొడవు పెరిగిందని తర్వాత తెలిసింది. పరిహారం ఎంతో, జాబితా మొత్తం ఇంచుమించు అంతే. మా పేపర్‌ను అంత శ్రద్ధగా చదివినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

రెండు రోజులకు చిన్నమ్మ సర్కారు ఎస్టీ బస్సులో నాందేడ్ వచ్చింది. ఆటోలో ఆ కంపెనీ షోరూముకు తీసుకెళ్లాను. సంచిలోంచి మా పేపర్ కటింగ్ తీసి మేనేజరు ముందు పెట్టింది. ఆధార్ కార్డు చేయించినట్టు దానికి లామినేషన్ చేయించింది. అచ్చులో పడిన భావు, అంటే ధర, సర్కారు ముద్ర పడిన కాగితంతో సమానమని ఆమె నమ్మకం.

"పేపర్ల పడ్డది గదా సాబ్. గీ భావుకే నిలవెట్టియ్యాలె."

మేనేజరు చాలా మర్యాదస్తుడు. కటింగ్‌ను రెండు వైపులా తిప్పి చూసి, "మావషీ, ఇది బాత్మీ. పేపరువాళ్లు రాసుకున్న వార్త. మేం చెప్పిన ధర కాదు, వాళ్లనే అడగండి" అని మరాఠీలో చెప్పాడు. నేను గోడ మీది క్యాలెండర్‌ను జాగ్రత్తగా చదువుతూ నిలబడ్డాను.

"నడువు, మీ ఆఫీసు చూపియ్" అంది చిన్నమ్మ.

మా సంపాదకుడు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. కళ్లద్దాలు పెట్టుకుని కటింగ్ అడుగున, మూలలో, చీమ తలంత ఉన్న ఒక మాట మీద వేలు పెట్టాడు. "చూడండి, జాహిరాత్ అని ఉంది. ఇది ప్రకటన. ప్రకటనలో ధరలకు పత్రిక బాధ్యత ఉండదు." ఆ మాట అక్కడ ఉందని, రాసిన నాకే అప్పటిదాకా తెలియదు.

"ఆడ బాత్మీ అంటరు, ఈడ జాహిరాత్ అంటరు. మరి నా ఇంటి భావు ఎవరు చెప్పినట్టు?" అని అడిగింది చిన్నమ్మ.

మంచి ప్రశ్న అని సంపాదకుడు కూడా ఒప్పుకుని టీ తెప్పించాడు. నేను చెప్పాను చిన్నమ్మా, అని అప్పుడే అనాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. టీ తాగి దాన్ని కిందికి దించేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. చిన్నమ్మ సంగతి ఎదుటి పక్షం పత్రికకు ఎలాగో తెలిసింది. ఎలాగో ఏమిటి, ఫోన్ చేసింది నేనే. అక్కడా పేరు చెప్పలేదు. వాళ్లు మొదటి పేజీలోనే వేశారు. పడుకుని ఉన్న గోడల పక్కన వృద్ధురాలు కన్నీరు మున్నీరుగా ఏడుస్తూ నాయకుడికి శాపనార్థాలు పెట్టిందని రాశారు. ఇంటికి కట్టిన ధర ఎంత, మీద అడిగింది ఎంత అన్నది మాత్రం రాయడానికి చోటు చాలలేదు.

"నేనెప్పుడు ఏడ్సిన్రా? ఎండ కండ్లల్ల కొట్టింది. గా నాయకుడెవలో నాకు ఎర్కనే లేదు" అని ఫోన్లో మండిపడింది. వృద్ధురాలు అన్నందుకు ఇంకా మండింది, ఆమెకు అరవై కూడా నిండలేదు.

కానీ ఆ వార్త పడిన మర్నాడే ఆమె వాకిట్లోకి క్రేన్ వచ్చింది. గచ్చు వేశారు, గోడలు లేపారు, తలుపు బిగించారు, అడగని తాళం కూడా పెట్టారు. జాబితా మాట ఎవరూ ఎత్తలేదు. సంపాదకుడు నన్ను పిలిచి, సంతోషంగా ఉన్న లబ్ధిదారు ఫోటో కావాలన్నాడు. "మీ చిన్నమ్మే కదా, నీకైతే నవ్వుతుంది."

వెళ్లేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది. కంపెనీ మనిషి తాళంచెవి చేతిలో పట్టుకుని, ఫోటో అయ్యాక ఇస్తానంటున్నాడు.

"నవ్వాల్నా?"

"జర నవ్వు చిన్నమ్మా."

"చెవి ఇయ్యమను, నవ్వుత."

చెవి ఇచ్చాడు. ఆమె నవ్వింది. అంత మంచి నవ్వు మా పేపర్లో చాలా కాలంగా పడలేదని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

వానలు మొదలయ్యాక ఒకసారి చూడటానికి వెళ్లాను. ఇల్లు ఎక్కడా కారడం లేదు. చిన్నమ్మ జొన్నరొట్టె పెట్టింది. నేను చేయి కడుక్కున్నాక అసలు మాట మొదలుపెట్టింది.

"ఎనుకింటామె కూడ గదే ఇల్లు కొంటదంట. పేపర్ల నా ఫోటో చూసింది. పొలం బేరం పెట్టింది, రేపు పోయి పైసలు కడతదంట."

"ఎలక్షన్లు అయిపోయినయి గదా చిన్నమ్మా. ఆమెకు ఏది ముఫత్‌ల ఇయ్యరు."

"నాకు ఎర్క లేదా? మొదటి బాత్మీ నువ్వే రాసినవని గూడ ఎర్క. పేరు లేకుంటేంది, నువ్వు పనిచేసే పేపర్ గదా. నువ్వు రాసినవనే నేను పొలం అమ్మిన. ఇప్పుడు నేను నవ్విననే ఆమె అమ్ముతాంది." లేచి నిలబడి, "లే, పోదాం. ఇద్దరం గల్సి చెప్దాం, ఆమె ఇంకా పైసలు కట్టలే" అంది.

నాకు బస్సు టైమైందని చెప్పాను. చిన్నమ్మ నా ముఖంలోకి ఒకసారి చూసి, చెప్పులేసుకుని, వానలోనే వెనకింటికి ఒక్కతే పోయింది.