కాటా గది కంప్యూటర్ కదిలిన రోజు

ఒక్క ప్రింటర్‌ను కలపబోయి ఎర్రగుంట్ల రోడ్డు మీద సిమెంటు లారీలన్నిటినీ నిలబెట్టిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఇప్పుడు మీరు చదువుతున్నది వాడి మాటలే. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేనొక సిమెంటు ఫ్యాక్టరీలో కాటా గది గుమస్తాను. లారీని తూకం వేసి, గేటు పాసు చేత్తో రాసివ్వడం నా పని. గదిలో ఒక కంప్యూటర్ ఉండేది గానీ, దానికి బయటి లోకంతో సంబంధం లేదు. సన్యాసిలా ఒంటరిగా బతికేది. సాయంత్రానికి సిమెంటు దుమ్ముతో నా ముఖం ఎలా అయ్యేదంటే, నా ముందు బూడిదగుమ్మడికాయ కూడా నలుపే. పై అంతస్తులో ఏసీ గది, అందులో ఆఫీసందరికీ కలిపి ఒకటే ప్రింటర్, దాని పక్కన ఒక ఖాళీ కుర్చీ. నా ప్రాణమంతా ఆ కుర్చీ మీదే ఉండేది.

ఒకరోజు పొద్దున్నే మేనేజర్ సారు వచ్చారు. "ఏమప్పా రత్నం, ఈ కంప్యూటర్‌ని పైన ప్రింటర్‌కు కలపల్ల. నీకు వస్తాదా?"

"అదెంత పని సార్! కడపలో కోర్సు చేసినా."

ఆ కోర్సులో నేను నేర్చుకున్నది టైపింగ్ ఒక్కటే. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"అయితే మధ్యాన్నానికి పాసులు ప్రింటులో రావల్ల. వస్తే పైన కుర్చీ నీదే."

ఆయన అటు పోగానే వెతికాను. కిటికీలోంచి ఒక నీలం కేబుల్ లోపలికి వేలాడుతోంది, కొసన క్లిప్పుతో సహా. దేవుడే పంపాడనుకున్నాను. కొంచెం పొడవు చాలకపోతే, కిటికీ కడ్డీకి ఎవరో వేసిన ముడి విప్పి లాగి కంప్యూటర్‌కు గుచ్చాను. టక్కుమని కూర్చుంది. పైన ప్రింటర్ నంబరు అడిగి తెచ్చి కొట్టాను. తెర మూలన ఎర్రటి ఇంటూ గుర్తు ఒకటి కనిపించింది. కొత్త కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

మొదటి పాసు డ్రైవర్ మస్తాన్‌ది. ప్రింటు కొట్టి, "మస్తానన్నా, పైకి పోయి తెచ్చుకో" అన్నాను.

పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు. "యాడప్పా? ఏమీ రాలా."

మళ్లీ కొట్టాను. రాలేదు. బయట లారీల హారన్లు మొదలయ్యాయి. కుర్చీ కళ్ల ముందే దూరమైపోతుంటే, ఆ బటన్‌ను పేలు కుక్కినట్టు కుక్కాను.

"దిష్టి తగిలుంటాది" అన్నాడు మస్తాన్. "కొత్త లారీకి కట్టినట్టే దీనికీ కట్టల్ల." తన బండికున్న నిమ్మకాయ, మిరపకాయల దండ విప్పి తెచ్చి కంప్యూటర్‌కు కట్టాడు. మాది తరాలుగా చర్చికి పోయే కుటుంబం. అయినా కుర్చీ భయం ముందు ఏం చేయను? పైకి నిమ్మకాయ, లోపల ప్రార్థన, రెండూ నడిపించాను.

సరిగ్గా అప్పుడే సారు దిగొచ్చారు. "యాడికొచ్చింది పని?"

"అయిపోయినట్టే సార్. లైను కొంచెం నిదానంగా వస్తాండాది" అంటుండగానే నిమ్మకాయ ఊగింది. ఆ వెంటనే కంప్యూటర్ డబ్బా టేబుల్ మీద కిటికీ వైపు జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది.

"ఏమప్పా, నీ కంప్యూటర్ యాడికో పోతాండాదే?" అన్నారు సారు.

ఇద్దరం కిటికీలోంచి తొంగిచూశాం. నీలం కేబుల్ రెండో కొస నీళ్ల ట్యాంకు పైపుకు కట్టి ఉంది. డ్రైవర్లు స్నానాలు చేసే చోటది. పారేసిన కేబుల్‌ను ఎప్పుడో దండెంగా కట్టుకున్నారు. ఒకాయన దాని మీద చిక్కుకున్న లుంగీని గట్టిగా లాగుతున్నాడు. పొద్దుటి నుంచీ నేను కంప్యూటర్‌ను కలిపింది ఆ లుంగీకే!

సారు వంగారు. టేబుల్ కింద దుమ్ములో పడున్న అసలు కేబుల్ తీసి గుచ్చారు. ఎర్ర గుర్తు మాయమైంది. "చూసినారా సార్!" అని నేను అనేలోపే పైనుంచి కేక వినిపించింది. "సార్, ప్రింటర్ ఆగడంల్యా!"

పొద్దుటి నుంచీ నేను కొట్టినవన్నీ అంతసేపూ లోపల ఓపిగ్గా వరసలో నిలబడ్డాయట. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి ఊడిపడుతున్నాయి. అన్నీ మస్తాన్ లారీవే.

"ఈ జన్మకు సాలప్పా!" అని మురిసిపోయాడు మస్తాన్.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను కాటా గదిలో ఓడినా ఏసీ గది గెలిచాను. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు కూడా, ఆ పాసులన్నీ చింపి బుట్టలో వేసేదాకా. తర్వాత మళ్లీ కిందికి, నా దుమ్ములోకి.

ఆ సాయంత్రం నీళ్ల ట్యాంకు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ కేబుల్ దొరికినా, రెండో కొస దాకా నడిచి చూడందే గుచ్చను. అక్కడ లుంగీ ఉంటే, అది ఆరేదాకా ఆగుతాను.