తొండను ఎవరూ అడగలేదు

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది వేసవిలో, గుణదలలోని ఒక చిన్న వీడియో గేముల కంపెనీలో నన్ను టెస్టింగ్ లీడ్‌గా వేశారు. లీడ్ అంటే పెద్ద హోదా అనుకోకండి. కింద ఇద్దరు టెస్టర్లు, పైన ప్రొడ్యూసర్. ఆటలో తప్పులు పట్టడం, ఆడినవాళ్లు రాసే అభిప్రాయాల సారం పైవాళ్లకు చెప్పడం మా పని.

మా ఆటలో ఒక పిల్లి చేపను నోట కరుచుకుని మా ఊరి వన్ టౌన్ గోదాముల రేకుల మీద పరుగెత్తుతుంది. ఆగితే రేకు కూలుతుంది, తొందరపడితే సందులో పడుతుంది. దాన్ని తయారుచేసిన నజియా వన్ టౌన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆట కష్టంగానే ఉండాలన్నది ఆమె పంతం. నాకు ఆ పంతం నచ్చింది.

విడుదలైన వారానికే, ఆట మరీ కష్టంగా ఉందని ఆడినవాళ్ల తిట్లు మొదలయ్యాయి. ప్రొడ్యూసర్ మురళిగారు బెదిరిపోయి, వేగం సగానికి తగ్గించమన్నారు. నజియా ముఖం మాడిపోయింది. "వేగం తీసేస్తే ఇంకేం మిగులుద్ది మేడమ్? పిల్లి వాకింగ్‌కెళ్లినట్టుంటది," అంది నాతో. వాదించడానికి నా దగ్గర ఆధారం లేదు. శుక్రవారం మీటింగు దాకా గడువు మాత్రం అడిగాను.

అభిప్రాయాలను మా కంటే ముందు వడకట్టేది ఒక బయటి ఏజెన్సీ. తెలుగు రానివాళ్లు, కంప్యూటర్ అనువాదం చదివి పని కానిచ్చేవాళ్లు. 'కొత్త పాత్రల కోసం కోరికలు' అని వాళ్లు పక్కన పెట్టినవాటిలో చాలామంది తొండ కావాలన్నట్టు ఉంది. పిల్లి ఆటలో తొండ ఎందుకని అసలు తెలుగు తెప్పించి చదివాను. తొండను ఎవరూ అడగలేదు. అందరూ రాసింది 'తొండి' అని; అనువాదంలో అది తొండ అయి కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తొక్కుడుబిళ్ల ఆడిన ఎవరికైనా తెలుసు: గీత తొక్కి ఓడిపోవడం వేరు, తొక్కకపోయినా తొక్కావనడం తొండి. చల్లపల్లి నుంచి చేపల వ్యాపారి ఒకాయన విడమరిచి రాశారు: "ఎన్నిసార్లు చచ్చినా పర్లేదండీ. రేకు మీదుండగా నొక్కినా ఎగరకపోతే అది తొండి."

మా వృత్తిలో తప్పును కళ్లెదుట మళ్లీ పుట్టించి చూపాలి. దాన్ని రెప్రో అంటాం. ఆఫీసు ఫోన్లన్నీ ఖరీదైనవి, వాటిలో ఆ తప్పు పుట్టలేదు. మా ఆయన పారెయ్యనంటే పారెయ్యనని దాచుకున్న పాత ఫోను తెచ్చి ఆడాను. వెంటనే దొరికింది. స్క్రీను వేలికి ఆలస్యంగా బదులిస్తోంది. అంచున నొక్కింది ఆటకు చేరేలోపు పిల్లి రేకు దాటి గాల్లో ఉంటోంది. గాల్లో ఉన్న పిల్లి ఎగరకూడదన్నది ఆట నియమం.

శుక్రవారం ఆ ఫోనే మురళిగారి చేతిలో పెట్టాం. పిల్లి సందులో పడింది. "నేను నొక్కానండీ," అన్నారాయన నొచ్చుకుంటూ. "తొండి కదండీ," అంది నజియా. ఆయన మళ్లీ ఆడి, మళ్లీ పడి, వేగం మాట వెనక్కి తీసుకున్నారు.

అంచు దాటాక రెప్పపాటులో నొక్కినా ఎగిరేలా నజియా మార్చింది. వేగం జోలికి వెళ్లలేదు. మేం ఆటంతా మొదటి నుంచీ మళ్లీ పరీక్షించి వదిలాం. చల్లపల్లి ఆయన తన అభిప్రాయం దిద్దుకున్నారు: "ఇప్పుడు చస్తున్నది నేనేనండీ. మళ్లీ ఆడతా." ఆ మాట చదివి నజియా, నేను చాలాసేపు నవ్వుకున్నాం.

కష్టంగా ఉందన్నవాళ్లందరికీ ఆటను తేలిక చెయ్యనక్కర్లేదు. తొండి అన్నవాళ్లు చెప్పింది మాత్రం ముందు వినాలి, అదీ వాళ్లు రాసిన భాషలోనే. రిటైరయ్యేదాకా నేను అభిప్రాయాలను ఆ వరుసలోనే చదివాను.