వంటగది నుంచి కాల్

ఇంట్లో ఏ ఇద్దర్నీ నానమ్మ నేరుగా మాట్లాడుకోనిచ్చేది కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఎక్స్ఛేంజి మూతపడి ఆ భవనంలో ఇప్పుడు మంచాలు అమ్ముతున్నారు. నానమ్మ మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. వంటగదికీ హాలుకీ మధ్య నడవాలో కుర్చీ వేసుకుని, అటు మాట ఇటూ ఇటు మాట అటూ కలిపేది.

"హాలు నుంచి కాల్. మాట్లాడతావా?" అని అమ్మని అడిగేది.

"ఆయనేగా, మాట్లాడతాను అత్తయ్యా."

"లైన్లో ఉండు. చొక్కా ఎక్కడుందంటున్నాడు."

అమ్మా నాన్నా పోట్లాడుకుంటే గోడ గడియారం చూసి, పాత ట్రంకు కాల్స్‌లో అన్నట్టే, "మూడు నిమిషాలైంది. పొడిగించమంటారా?" అనేది. సగం తగువులు అక్కడే ఆగిపోయేవి.

మనవరాలికి ఈ పద్ధతే హాయిగా ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. అయిదో ఏట అమ్మ మంచాన పడితే పిన్ని దాన్ని తనతో విదేశానికి తీసుకెళ్ళింది. ఆర్నెల్లన్నది నాలుగేళ్ళయింది. అమ్మ కోలుకున్నాక తిరిగి పంపారు. వచ్చి నెలైనా ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో దానికి తెలియదు. స్నానాల గదికి వెళ్ళాలన్నా అడిగి వెళ్తుంది. తిన్న కంచం తనే కడిగి బోర్లించి "థాంక్యూ" అంటుంది. ఆ మాటకి అమ్మ మొహం తిప్పుకుంటుంది. తప్పెక్కడో తెలియక పిల్ల మర్నాడు కంచం ఇంకా శుభ్రంగా కడుగుతుంది.

ఆదివారం పొద్దున అమ్మ దాని పెట్టెలో బట్టలన్నీ తీసి బీరువాలో సర్దేసింది. నెల్లాళ్ళుగా పిల్ల బట్టలు పెట్టెలోంచే తీసుకుని, మళ్ళీ పెట్టెలోనే పెట్టుకుంటోంది. ఖాళీ పెట్టె చూడగానే, ఇక తిరిగి వెళ్ళే దారి లేదనిపించింది దానికి. నడవాలోకి వెళ్ళింది.

"నానమ్మా, వంటగదికి కలుపు."

"చెప్పు తల్లీ."

"నన్ను పిన్ని దగ్గరికి పంపేయమను. అమ్మకి నేను అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు."

నానమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "లైను బాలేదు. మళ్ళీ చెప్పు."

పిల్ల మళ్ళీ చెప్పింది. ఎప్పుడూ కూర్చున్న చోటునుంచే మాట కలిపే నానమ్మ, ఈసారి లేచి వంటగదిలోకి వెళ్ళింది. పిల్ల వెనకే వెళ్ళి తలుపు పక్కన నిలబడింది.

"ఏమంటోంది అత్తయ్యా?"

"జడ వేస్తావా అని అడుగుతోంది."

"ఊరికే చెప్పకండి. నిన్న దువ్వెన పట్టుకుంటేనే వెనక్కి జరిగింది. పంపించిన రోజే దాన్ని పోగొట్టుకున్నాను. వెళ్ళాలనుంటే వెళ్ళమనండి. నేను ఆపను."

"అలాగే చెబుతాను."

పిల్ల గబగబా నడవాలోకి వచ్చేసింది. నానమ్మ నిదానంగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏమంది?"

"ఒక జడా, రెండు జడలా అంటోంది."

ఇన్నాళ్ళూ నానమ్మ తెచ్చిన కబుర్లు దానికి గుర్తొచ్చాయి. 'అమ్మ నువ్వు లేచావా అంటోంది.' 'పాలు సరిపోయాయా అంటోంది అమ్మ.' నెల్లాళ్ళుగా వచ్చిన మాటల్లో అమ్మవెన్నో, నానమ్మవెన్నో. తనవి అటు ఏమై చేరాయో.

పిల్ల వంటగదిలోకి నడిచింది.

"నేను అడిగింది..." అంది.

గట్టు తుడుస్తున్న అమ్మ చేతిలో గుడ్డ ఆగింది. "ఏమడిగావు?"

నడవాలో కుర్చీ కిర్రుమంది.

"ఒక జడ చాలు," అంది పిల్ల. "గట్టిగా లాగొద్దు."

నాలుగేళ్ళ తరవాత వేసిన జడ ఒక పక్కకి ఒరిగిపోయింది. పిల్ల తడిమి చూసుకుని, "వంకరగా ఉంది," అంది. అమ్మ విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

హాల్లోంచి నాన్న అమ్మని కేకేశాడు.

"ఆ లైను ఖాళీ లేదు," అంది నానమ్మ. "ఏం కావాలో నువ్వే వెతుక్కో."